గోదారికి గేజి, గోడకి టాబ్లెట్టు

పదకొండు ముప్పావు, పదమూడు ముప్పావు, పదిహేడు ముప్పావు. ధవళేశ్వరంలో పెరిగిన పిల్లలకి ఈ మూడూ ఎక్కాలతో పాటే వచ్చేస్తాయి. బ్యారేజీ దగ్గర గోదారి మట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. శ్రావణంలో ఎర్రనీరు దిగిందంటే కిళ్లీకొట్టు దగ్గర పలకరింపులే మారిపోతాయి. "బాగున్నారా?" పోయి "ఎంతుందటండీ?" వస్తుంది. ఏది ఎంతుందో విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంజనీరింగు చదువుతున్న మా మనవరాలు సెలవులకొచ్చి, "తాతయ్యా, మనింటిని స్మార్ట్ హోమ్ చేసేద్దామా?" అంది. సంచిలోంచి అగ్గిపెట్టెంత బోర్డులు నాలుగు, రంగురంగుల వైర్లు, మూల పగిలిన పాత టాబ్లెట్టు ఒకటి బయటికొచ్చాయి. వాళ్ల మామ్మకి మాత్రం నచ్చలేదు. "మనిషి లేని గదిలో దీపం దానంతటది వెలిగితే ఊళ్లోవాళ్లేమంటారే?" అంది. నేను సరేనన్నాను. ఎందుకంటే ఆ పిల్ల చేస్తానంటున్నది ఈ ఊరికి కొత్త విద్యేమీ కాదు.

ఆలోచించండి. ఏటి దగ్గర ముందు నీటిని కొలుస్తారు. ఆ అంకె ఫలానా గుర్తు దాటిందో లేదో తేలుస్తారు. దాటితే గేట్లెత్తుతారు, హెచ్చరిక ఇస్తారు. కొలవడం, తేల్చడం, చేయడం. స్మార్ట్ హోమ్ హంగామా అంతా విప్పి చూస్తే లోపలుండేవి ఈ మూడే. కొలిచేది సెన్సరు, తేల్చేది కంట్రోలరు, చేసేది రిలే. మిగతాదంతా ప్లాస్టిక్ డబ్బా, దాని మీద కంపెనీ పేరు.

గోదారి మీద కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కి పూర్తిచేసిన ఆనకట్టకి ఈ కొలిచి తేల్చే బాధ చాలావరకు లేదు. అది రాతిగోడ. కాలవల తూముల సంగతి అటుంచితే, వరదొస్తే దాని మీంచి పొర్లిపోవడమే. ఎవరినీ అడిగే పని లేదు. తర్వాత దాని స్థానంలో 1982కి బ్యారేజీ పూర్తయింది. దానికి 175 గేట్లు: ధవళేశ్వరం వైపు 70, ర్యాలి వైపు 43, మద్దూరు వైపు 23, విజ్జేశ్వరం వైపు 39. గేటంటూ ఉంటే దాన్ని ఎప్పుడెత్తాలో ఎవరో ఒకరు తేల్చాలి. తేల్చాలంటే కొలవాలి. ఒక్కచోట కొలిస్తే సరిపోదు, పైన ఏం జరుగుతోందో కూడా తెలియాలి. అందుకే భద్రాచలంలో 43, 48, 53 అడుగుల హెచ్చరికలని కోనసీమ లంకల్లో ఉన్నవాళ్లు కూడా చెవులు రిక్కించి వింటారు. 1986 ఆగస్టులో అక్కడ 75.6 అడుగులు, ఇక్కడ దాదాపు 35 లక్షల క్యూసెక్కులు. 2022 జులైలో అక్కడ 71.3 అడుగులు, ఇక్కడ 25 లక్షల పైచిలుకు. ఎగువన కొలిచిన అంకె దిగువన ఉన్నవాడికి కాస్త టైము కొని పెడుతుంది. సెన్సరు విలువంతా ఆ టైములోనే ఉంది.

ఇంట్లోకి ఈ పద్ధతి తెచ్చిన మొదటి మనుషుల్లో జిమ్ సదర్లాండ్ అని ఒకాయన ఉన్నాడు. అమెరికాలో పిట్స్‌బర్గ్ ఊరు, వెస్టింగ్‌హౌస్ కంపెనీలో ఇంజనీరు. 1966లో కంపెనీ పక్కన పడేసిన విడిభాగాలతో ఇంటి కిందిగదిలో ఒక కంప్యూటరు కట్టాడు. పేరు ఎకో ఫోర్. నాలుగు బీరువాలు, సుమారు 360 కిలోల బరువు. గడియారాలు నడిపేది, ఇంటి వేడిని చూసుకునేది, పిల్లల టీవీని అదుపులో పెట్టేది. ఆయనకి బీరువాలతో అయిన పని ఇవాళ మా మనవరాలి అరచేతిలో పట్టింది. షాంఘైలోని ఎస్ప్రెస్సిఫ్ కంపెనీ 2014లో ఈఎస్‌పీ8266 అనే చిప్పు వదిలింది. వైఫై దాంట్లోనే ఉంటుంది. బోర్డుతో కలిపి కొన్ని వందల రూపాయలు. ప్రపంచంలో సొంతంగా ఇంటిని స్మార్ట్ చేసుకునే ఔత్సాహికులందరికీ తలుపు తెరిచింది అదీ, దాని తమ్ముడు ఈఎస్‌పీ32నూ.

ఇక పనిలోకి వద్దాం. స్మార్ట్ హోమ్ అనగానే జనం రంగులు మారే బల్బులు కొంటారు. నా మాట విని మొదటి సెన్సరు డాబా మీది సింటెక్స్ ట్యాంకుకి పెట్టండి. మోటారు వేసి మర్చిపోవడం, నీళ్లు పొంగి పక్కింటి గోడ తడవడం, ఆ మీదట ఆ ఇంటితో మాటల్లేకపోవడం మన వీధుల్లో మామూలే కదా. కరెంటు బిల్లు తగ్గిపోతుందని మాత్రం ఆశపడకండి. వెయ్యి లీటర్లని 10 మీటర్లు ఎత్తడానికి లెక్క ప్రకారం పట్టేది 98 వేల జౌళ్లు, అంటే యూనిట్లో 37వ వంతు. మోటారులో, పైపుల్లో పోయేది కలుపుకుని అంతకి నాలుగు రెట్లు వేసుకున్నా రూపాయి దాటడం కష్టం. మిగిలేది నీళ్లు, మోటారు, పక్కింటివాళ్ల స్నేహం.

ట్యాంకులో నీటిని కొలిచే సెన్సరు మూతకి లోపలివైపు ఉంటుంది. 40 వేల హెర్ట్జ్‌ల శబ్దాన్ని కిందికి వదులుతుంది. 20 వేలు దాటితే మన చెవికి వినపడదు కాబట్టి ఇంట్లో ఎవరికీ ఇబ్బంది లేదు. ఆ శబ్దం నీటికి తగిలి తిరిగొచ్చేలోగా ఎంత టైము పట్టిందో చూస్తుంది. 20 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకి 343 మీటర్లు పోతుంది. మీటరు కిందున్న నీటిని తాకి రావడానికి పట్టేది ఆరు మిల్లీసెకన్ల లోపే. టైముని వేగంతో గుణించి సగం చేస్తే దూరం వచ్చేసింది. చాలా సులువు, అనిపిస్తుంది.

"మరి రోహిణి కార్తెలో?" అన్నాను మనవరాలితో.

అది కాసేపు ఆలోచించి కాగితం తీసింది. గాలి వేడెక్కితే శబ్దం వేగం పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.6 మీటర్లు. డాబా మీద ఎండలో ట్యాంకు లోపలి గాలి 45 డిగ్రీలుందనుకోండి, వేగం 358 దాకా పోతుంది. శబ్దం తొందరగా తిరిగొస్తుంది, చిప్పేమో నీరు దగ్గరగా ఉందనుకుంటుంది. మీటరు దూరానికి నాలుగు సెంటీమీటర్ల తేడా. మీటరు వ్యాసమున్న గుండ్రటి ట్యాంకులో సెంటీమీటరు ఎత్తంటే దాదాపు 8 లీటర్లు. అంటే మిట్టమధ్యాహ్నం ట్యాంకులో లేని 30 లీటర్లు తెరమీద కనిపిస్తాయి. సాయంత్రం చల్లబడగానే మాయమవుతాయి. ఎవరూ దొంగిలించలేదు, సూర్యుడు పెట్టిన తగువు. ట్యాంకులోనే వేడి కొలిచే సెన్సరు ఇంకోటి పెట్టి, ఆ డిగ్రీలతో లెక్క సరిచేస్తే పోతుంది. ఆవిరికి పాడవని రకం కొనాలన్నది మరో సంగతి. కళ్లు బయటికి కనపడే చవక సెన్సరు ట్యాంకు తేమకి ఎక్కువ కాలం బతకదు. తడికి ఆగేదాన్ని కొంటే దానికి కింద పాతిక సెంటీమీటర్ల దాకా ఏమీ కనపడదు. నీరు అంతవరకు రాకుండా మూతకి కాస్త ఎత్తులో బిగించాలి.

మోటారు నీళ్లు పోస్తున్నప్పుడు ట్యాంకులో అలలు లేస్తాయి, అంకె గంతులేస్తుంది. ఏటిమట్టం కొలిచే ఇంజనీర్లకి ఈ చిక్కు ఎప్పుడో తెలుసు. వాళ్లు ఒడ్డున ఒక గొట్టంబావి కట్టి, కిందినుంచి సన్నటి దారిలో ఏటినీరు దాంట్లోకి రానిచ్చి, లోపల నిలకడగా ఉన్న నీటిని కొలుస్తారు. మీరూ ట్యాంకులోకి వెడల్పాటి పీవీసీ గొట్టం దింపి అదే చేయొచ్చు. అది కుదరకపోతే ప్రోగ్రాములోనే వరసగా ఐదుసార్లు కొలిచి, చిన్నది పెద్దది వరసలో పేర్చి, నడిమిదాన్ని తీసుకోండి. సగటు తీయకండి. ఒక్క పిచ్చి అంకె సగటునంతా పాడుచేస్తుంది, నడిమి అంకెని కదపలేదు.

తేల్చడంలో ఒక మెలిక ఉంది. "ట్యాంకు 90 శాతం కంటే తగ్గితే మోటారు వెయ్యి, 90 దాటితే ఆపు" అని ఒక్క గుర్తు పెట్టారనుకోండి. 90 దగ్గర నీరు కాస్త అటూ ఇటూ ఊగగానే మోటారు వెలుగుతుంది, ఆరుతుంది, వెలుగుతుంది. పావుగంటలో స్టార్టరు కాలిపోతుంది. అందుకని రెండు గుర్తులు కావాలి. 30కి పడిపోతే వెయ్యి, 90కి చేరితే ఆపు, మధ్యలో ఏ పనిలో ఉంటే ఆ పనిలోనే ఉండు. దీనికి హిస్టరీసిస్ అని పెద్ద పేరుంది. మీ ఫ్రిజ్జు, ఇస్త్రీపెట్టె ఈ పద్ధతిలోనే పనిచేస్తాయి.

చేయడం అనే మూడో ముక్క దగ్గరే ప్రమాదం. చిన్న రిలే మీద 10 ఆంపియర్లు అని అచ్చేసి ఉంటుంది. ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు అంతకి లోపే తాగుతుంది కాబట్టి సరిపోతుందనుకుంటారు. కానీ మోటారు కదలడం మొదలెట్టే ఆ క్షణంలో మామూలుకి ఐదారు రెట్లు లాగుతుంది. ఆ వేడికి రిలేలోని రెండు బిళ్లలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇక మీ ప్రోగ్రాము "ఆపు, ఆపు" అని ఎంత అరిచినా మోటారు ఆగదు. రిలేతో నేరుగా మోటారుని కాదు, కాంటాక్టరు అనే పెద్ద స్విచ్చుని నడిపించాలి. మోటారు బరువు కాంటాక్టరు మోస్తుంది. దీనికి తోడు ట్యాంకులో ఒక ఫ్లోటు కూడా ఉంచండి. అది ఏ చిప్పునీ అడగకుండా, నీరు పైకొస్తే తేలి, తనంతట తనే కరెంటు తెంపేస్తుంది. రెండువేల రెండొందల ఏళ్ల క్రితం అలెగ్జాండ్రియాలో క్టెసీబియోస్ నీటిగడియారంలో ఫ్లోటుని వాడాడు. అంత పాత పనిముట్టుని కొత్త చిప్పు వచ్చిందని పీకి పారేయడం తెలివి కాదు.

కరెంటు పోయి వస్తే ఏం చేయాలన్నది కూడా ముందే చెప్పి పెట్టాలి. ఇందులో తెలంగాణ రైతుల అనుభవం మనకి పాఠం. పొలాల్లో బోర్లకి ఆటో స్టార్టర్లు ఉండేవి. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో అవి మంచివే. రాత్రి రెండింటికి కరెంటు వస్తే రైతు లేవకుండానే మోటారు తిరిగేది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చేముందు అక్కడి ప్రభుత్వం ఆటో స్టార్టర్లు తీసేయండని ఊరూరా ప్రచారం చేసింది. కరెంటు పోవడమే లేకపోతే మోటారు ఆగడమూ ఉండదు, భూమిలో నీళ్లు తోడేస్తూనే ఉంటుంది. ఒకనాడు తెలివైన ఏర్పాటు, చుట్టూ పరిస్థితి మారగానే మొండి ఏర్పాటయింది. ఇంట్లో మోటారుకైతే నా తీర్పు ఒక్కటే. కరెంటు తిరిగొచ్చినప్పుడు అది ఆగే ఉండాలి. నీటిమట్టం కొలిచాకే కదలాలి. ఎంతసేపు తిరిగినా ట్యాంకు మట్టం పెరగకపోతే, లేదా మోటారు తాగే కరెంటు ఉన్నట్టుండి తగ్గిపోతే, కింద నీళ్లు లేవని అర్థం. వెంటనే ఆపేసి కేకెయ్యాలి.

ట్యాంకు సెన్సరు ఇచ్చే ఇంకో లాభం చాలామందికి తోచదు. తెల్లవారుజామున రెండు గంటలకి ఇంట్లో అందరూ నిద్రలో ఉంటారు. అప్పుడు కూడా మట్టం గంటకో సెంటీమీటరు చొప్పున దిగుతోందంటే ఎక్కడో ఫ్లష్ ట్యాంకు కారుతోంది. చప్పుడు చేయకుండా కారేదాన్ని పట్టుకోవడానికి రాత్రి అంకెల కంటే మంచి సాక్షి లేదు.

ఇప్పుడు దీపాల సంగతి. మనిషి గదిలోకొస్తే వెలగడానికి పీఐఆర్ అనే సెన్సరు వాడతారు. మన ఒంటినుంచి ఎప్పుడూ కంటికి కనపడని వేడికిరణాలు వస్తుంటాయి, వాటి తరంగదైర్ఘ్యం సుమారు 9 నుంచి 10 మైక్రాన్లు. తెల్లటి గీతలున్న ప్లాస్టిక్ గోపురం వాటిని పోగేసి లోపలున్న రెండు రేకుల మీద వేస్తుంది. మనిషి కదిలితే ఒక రేకు ముందు, రెండోది తర్వాత వేడెక్కుతాయి. ఆ తేడానే సంకేతం. చలిదేశాల్లో గోడ 18 డిగ్రీలు, మనిషి చర్మం 34 డిగ్రీలు, కాబట్టి మనిషి కొట్టొచ్చినట్టు కనిపిస్తాడు. మే నెలలో ధవళేశ్వరంలో పడమటి గదిలో గోడే 36 దాకా పోతుంది. గోడకీ మనిషికీ తేడా పోయాక ఆ సెన్సరుకి మనిషి ఎక్కడ కనిపిస్తాడు? వీడియోల్లో చూసి కొన్నవి ఎండాకాలంలో మొరాయిస్తే వస్తువు చెడిపోలేదు, అది మన ఊరి కోసం పుట్టలేదు, అంతే.

ఇంకో లోపం, అది ముసలివాళ్లకి మరీ తెలుస్తుంది. పీఐఆర్ చూసేది మనిషిని కాదు, కదలికని. నేను పడక్కుర్చీలో కదలకుండా పేపరు చదువుకుంటుంటే, గదిలో ఎవరూ లేరని తేల్చి దీపం తీసేస్తుంది. బతికే ఉన్నానని చెయ్యి ఊపి నిరూపించుకోవాలి. దీనికి మందు ఇప్పుడు చవగ్గానే దొరుకుతోంది. 24 గిగాహెర్ట్జ్‌ల చిన్న రాడారు. దాని తరంగం సెంటీమీటరు పైచిలుకు మాత్రమే కాబట్టి ఊపిరి తీసినప్పుడు రొమ్ము లేచి పడే ఆ కాస్త కదలికా పసిగడుతుంది. ఎదురుగా తిరిగే ఫ్యాను ఉంటే దాన్ని కూడా మనిషే అనుకుంటుంది, అందుకని దాని చూపు ఫ్యాను మీదికి పోకుండా తిప్పి పెట్టాలి.

గ్యాసు సెన్సరు గురించి కచ్చితంగా చెప్పాలి. సిలిండరులోని ఎల్‌పీజీ గాలికంటే బరువు. లీకైతే నేలబారున పాకుతుంది. సెన్సరు నేలకి జానెడెత్తులో ఉండాలి. పైపులో వచ్చే గ్యాసు మీథేను, గాలిలో సగం బరువే ఉంటుంది. అది పైకప్పు దగ్గర చేరుతుంది, దాని సెన్సరు పైనుండాలి. రెండూ ఒకటేననుకుని తప్పుచోట పెడితే ఉన్నా లేనట్టే. ఇక గ్యాసు వాసనొస్తే ఎగ్జాస్ట్ ఫ్యాను దానంతటది తిరగాలని మా మనవరాలు ప్రోగ్రాము రాయబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను. స్విచ్చు పడేటప్పుడు వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. గ్యాసు విషయంలో యంత్రం చేయాల్సింది అరవడమే, స్విచ్చులు తాకకూడదు. కిటికీలు తెరవడం, రెగ్యులేటరు కట్టేయడం మనిషి పని. అసలు ఈ ఒక్కదానికీ సొంత తయారీ వద్దు, ప్రమాణ ముద్ర ఉన్న అలారం కొని పెట్టండి.

ఇన్ని సెన్సర్ల మాట వినే బుర్ర ఎక్కడుండాలి? ఇంట్లోనే ఉండాలని నా పట్టుదల. కంపెనీలమ్మే చాలా స్విచ్చుల్లో మీరు హాల్లో దీపం నొక్కితే ఆ కబురు ఎక్కడో సర్వరుకి పోయి, అక్కణ్ణించి మళ్లీ మీ హాల్లోకొస్తుంది. కోనసీమని 1996 నవంబరు తుఫాను చితక్కొట్టింది. అలాంటి రాత్రి నెట్టు ఉండదు, ఇన్వర్టరు మాత్రం ఉంటుంది. దీపానికి కరెంటుండీ వెలిగించుకోలేకపోతే ఎంత అవమానం! కంపెనీ మనసు మారినా అంతే. రివాల్వ్ అని 300 డాలర్ల ఇంటి పెట్టె ఒకటుండేది. గూగుల్ తాలూకు నెస్ట్ ఆ కంపెనీని కొని, 2016 మే నెలలో సర్వరు ఆపేసింది. కొన్నవాళ్ల ఇళ్లలో పెట్టెలు ఉన్నచోటే చచ్చిపోయాయి.

దీనికి జవాబుగా పెరిగినదే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేరు. పౌలస్ స్కౌట్సెన్ అనే డచ్చి కుర్రాడు 2013లో మొదలెట్టాడు. డబ్బు కట్టక్కర్లేదు, లోపల ఏముందో ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. రాస్ప్‌బెర్రీ పై బోర్డు మీదో, అటకెక్కిన పాత ల్యాప్‌టాప్ మీదో నడుస్తుంది. ట్యాంకు చిప్పు దీనితో మాట్లాడడానికి ఎంక్యూటీటీ అనే పద్ధతి వాడుతుంది. అది 1999లో ఐబీఎమ్ ఇంజనీరు ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ కలిసి చమురు పైపులైన్ల కోసం చేసింది. ఎడారిలో పైపు, ఉపగ్రహం ద్వారా కబురు, అక్షరానికింత అని ఖర్చు. అందుకే ఆ మాటలు చాలా పొదుపు. అందులో నాకు నచ్చిన ఏర్పాటు ఒకటుంది. ఏ పరికరమైనా చేరేటప్పుడే తన చివరి సందేశం రాసి ఇచ్చేయొచ్చు. అది ఉన్నట్టుండి మూగబోతే ఆ సందేశాన్ని అందరికీ చదివి వినిపిస్తారు. "ట్యాంకు 60 శాతం" అని నిన్నటి అంకె చూపిస్తూ కూర్చునే సెన్సరు కంటే, "నేను పోయాను" అని చెప్పే సెన్సరు వెయ్యి రెట్లు మేలు.

వైఫై గురించి ఒక చిన్న సంగతి. దాని తరంగం పన్నెండున్నర సెంటీమీటర్లు, నీరు దాన్ని మింగేస్తుంది. నిండు ట్యాంకు వెనకాల చిప్పు పెడితే నీళ్లు నిండినకొద్దీ కబుర్లు తగ్గుతాయి. మన పాత పెంకుటిళ్ల మూరెడు గోడలూ అంతే. రౌటరు నడవలో పెట్టండి, పడకగది బీరువా మీద కాదు. పాస్‌వర్డు మాత్రం పెట్టె మీద అచ్చేసి వచ్చినదే ఉంచకండి. ఇంట్లోపల కెమెరాలు పెట్టడానికి నేను ఒప్పుకోలేదు, ఒప్పుకోను.

ఇక గోడ మీది టాబ్లెట్టు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో వాళ్లు పాత నీటిమీటర్లు పీకి పారేయకుండా, వాటి ముందు చిన్న కెమెరా బిగించి, తిరిగే అంకెల్ని కంప్యూటరు చేత చదివించారు. మంచి ఇంజనీరింగంటే నాకు అదీ. మూల పగిలిన టాబ్లెట్టుకి కూడా అదే న్యాయం. దాని తెర బాగుంది, వైఫై బాగుంది, హోమ్ అసిస్టెంట్ పేజీ ఒక్కటే ఎప్పుడూ తెరిచి ఉంచే ఆప్ వేస్తే చాలు.

చిక్కల్లా బ్యాటరీతో. లిథియం బ్యాటరీ నూటికి నూరు నిండి, ఆపైన వేడిలో ఉంటే లోపలి ద్రవం మెల్లగా విచ్ఛిన్నమై వాయువు పుడుతుంది, బ్యాటరీ ఉబ్బుతుంది. గోడ మీద ఎప్పుడూ ఛార్జింగులో ఉండే టాబ్లెట్టుకి ఈ రెండూ తప్పవు. అందుకని ఛార్జరుని స్మార్ట్ ప్లగ్గుకి కట్టి, 30కి పడితే వెయ్యి, 70కి చేరితే ఆపు అనండి. ట్యాంకు నేర్పిన రెండు గుర్తుల సూత్రమే. పడమటి గోడకీ, పొయ్యి పైనా పెట్టకండి. వెనకాల గాలాడేలా వేలెడు సందు వదలండి. తెర కాస్త పైకి లేచినట్టు కనపడిందా, ఇక ఛార్జింగు పెట్టకూడదు, చెత్తబుట్టలోనూ వేయకూడదు. ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవాళ్లకి ఇచ్చేయాలి.

తెరమీద ఏం చూపించాలన్న దగ్గర మా ఇద్దరికీ పెద్ద వాదన. మనవరాలు ముప్పై అంకెలు, పన్నెండు గ్రాఫులు పేర్చింది. విమానం నడుపుతున్నామా అన్నాను. చివరికి మామ్మని పిలిచి నిలబెట్టి, ఆవిడకి అవసరమైనవి మాత్రమే ఉంచాం. ట్యాంకులో నీళ్లెన్ని, మోటారు తిరుగుతోందా, కరెంటుందా ఇన్వర్టరా, వీధి దీపం. ఎత్తు కూడా ఆవిడ కంటికి సరిపోయేదే, నా కంటికి కాదు. అక్షరాలు తెలుగులో, బెత్తెడు పొడుగు. ట్యాంకు నిండితే టాబ్లెట్టు తెలుగులో చెబుతుంది కూడా. ఊళ్లోవాళ్లేమంటారోనన్న మనిషే ఇప్పుడు మోటారు ఆగగానే "ఊఁ, విన్నాన్లే" అని దానికి బదులిస్తోంది. వరదల్లో బ్యారేజీ మట్టానికి ఒక గడి వేరే ఉంచాం. నదుల మట్టాలు కేంద్ర జలసంఘం నెట్టులో పెడుతుంది, అక్కడ చూసి నింపుకోవచ్చు. అయితే వరదప్పుడు ఖాళీ చేసి వెళ్లాలా వద్దా అన్నది అధికారులు చెప్పినట్టే వినాలి, ఇంట్లో తయారైన తెర చెప్పినట్టు కాదు.

కోనసీమలో సఖినేటిపల్లి మండలంలో మోరి అనే ఊరుంది, జీడిపప్పుకి పేరు. 2016 చివర్లో ఆ ఊరికీ, పక్కనున్న మోరిపోడుకీ ఇంటింటికీ ఫైబర్ నెట్టు వేసి, రాష్ట్రానికి స్మార్ట్ గ్రామం నమూనాగా చూపించారు. ఆ పనిలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ నుంచి సాలమన్ డార్విన్ ఉన్నారు, ఆయనదీ మోరి మూలమే. ఊరికి తీగ రావడం ఒక ఎత్తయితే, ఆ తీగ చివర ఇంట్లో ఎవరున్నారన్నది ఇంకో ఎత్తు. మన డెల్టాలో ఎన్నో ఇళ్లలో ఆ చివర ఉండేది ఇద్దరు ముసలివాళ్లు. పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, డల్లాస్‌లోనో.

అందుకే ఈ విద్య నేర్చిన పిల్లలకి నా విన్నపం. మీ సెలవులు అయిపోతాయి, మీరు వెళ్లిపోతారు, మీరు పెట్టిన ఇల్లు మా దగ్గరుంటుంది. గోడ మీది మామూలు స్విచ్చు ఒక్కటి కూడా తీయకండి. టాబ్లెట్టు చచ్చినా, నెట్టు పోయినా, చిప్పు కాలినా, మామ్మ వేలు పెట్టి టక్కుమనిపిస్తే దీపం వెలగాలి, మోటారు ఆగాలి. 230 వోల్టుల పని మీరు చేయకండి, ఊళ్లో ఎలక్ట్రీషియన్ని పిలిచి చేయించండి, ఎర్త్ లీకేజీ బ్రేకరు ఉందో లేదో చూపించుకోండి. ఏ డబ్బా ఎక్కడుంది, ఏ వైరు దేనిది, పాడైతే ఏది పీకేస్తే ఇల్లు మళ్లీ పాత ఇల్లయిపోతుంది, ఇదంతా ఒక నోట్‌బుక్కులో తెలుగులో, పెద్దక్షరాలతో రాసి మీటరు బోర్డు పక్కన మేకుకి తగిలించి వెళ్లండి. బస్సెక్కేముందే రాయండి. ఫోన్లో చెబుతాం అనకండి, ఆ రోజున మా ఫోను కూడా పనిచేయకపోవచ్చు.